ఎవరూ తీసుకెళ్ళని ఫొటో

ముల్లును ముల్లుతోనే తీయాలనుకుంది ఫొటో స్టూడియో నడిపే ఆవిడ. మొగుడు ఫోన్లో పరాయి ఆడవాళ్ళతో సరసాలాడుతున్నాడని తెలిసింది. ఎవరో అమ్మాయి తీయించుకుని మళ్ళీ రాకుండా పోయిన పాస్‌పోర్టు ఫొటో ఒకటి పెట్టి, దొంగ పేరుతో తనే అతన్ని పలకరించింది. ఇట్టే బుట్టలో పడ్డాడు. ఈ రాత్రి ఊరి చివరి బస్టాపుకు రమ్మంది. తెల్లవార్లూ పడిగాపులు పడి తలవంచుకుని వస్తే, గుమ్మంలోనే నిలదీయాలని ఆమె పంతం.

"గోడౌనులో సరుకు దిగిందట. నువ్వు తినేసి పడుకో" అన్నాడతను, తల దువ్వుకుంటూ.

"దుప్పటి తీసుకెళ్ళండి. సరుక్కి చలేస్తుందేమో" అంది.

అతను వెళ్ళాక ఇల్లు సద్దుమణిగింది. ఫ్రిజ్ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. దొంగ పేరుకు అతని సందేశం వచ్చింది.

"వచ్చేశావా? ఫొటోలో కంటే చిక్కిపోయావే."

ఆమె వెంటనే అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పంతం మరిచి, ఆ దొంగ పేరుతోనే గబగబా రాసింది. "అది నేను కాదు. నేను మీ పెళ్ళాన్ని. ఇంటికొచ్చేయండి, ఏమీ అనను."

చాలాసేపటికి జవాబొచ్చింది.

"నువ్విలా రాస్తావని తను ఇందాకే చెప్పింది. ఎదురుచూడకు. బస్సొచ్చింది, ఎక్కుతున్నాం."

రాత్రిళ్ళు బస్సులు రాని చోటని వెతికి మరీ ఆ స్టాపు ఎంచుకుంది ఆమె.