ఇంకో ఫ్యాను

"ఈ ఇన్వర్టర్ మీద రెండు ఫ్యాన్లే నడుస్తయమ్మా. ఒకటి హాల్ల ఇస్త. ఇంకోటి ఏ రూముల?" నిచ్చెన మీంచి అడిగాడు ఎలక్ట్రీషియన్ నర్సింహ.

"మా ఉదయ గదిలో పెట్టు బాబూ. ఆఫీసు పని ఇంటి నుంచే కదా దానికి," వంటింట్లోంచి చెప్పింది సుబ్బలక్ష్మి.

దేవిశ్రీకి ఒళ్లు మండింది. కొత్త కుర్చీ అక్కకే. తలుపు వేసుకునే హక్కూ అక్కకే. ఇంటర్ పరీక్షలు తనకైతే, గాలి మాత్రం అక్కకా?

"ఉదయ రూము ఏది పాపా?" నర్సింహ అడిగాడు.

దేవిశ్రీ తన గది చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. దేవిశ్రీ నెత్తిన ఫ్యాను ఆగలేదు. అక్క పోట్లాటకు వస్తుందని సంబరంగా కాచుకుంది.

ఉదయశ్రీ వచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్లో లాప్‌టాప్‌తో మంచం మీద కూలబడింది.

"సారీ సార్. నా తప్పే సార్. ఉద్యోగంలోంచి తీసెయ్యకండి సార్, ప్లీజ్..."

కాల్ అయిపోయింది. అక్క లాప్‌టాప్ మూసేసింది.

"రోజూ ఇంతేనా అక్కా?"

"గట్టిగా అనకే. హాల్లో అమ్మ ఉంది."

అంతలోనే సుబ్బలక్ష్మి కేకేసింది. "ఏమే దేవీ, అక్క గదిలో ఫ్యాను తిరగట్లేదేంటే?"

"నేనే గది తప్పు చూపించానమ్మా. అక్క ఇక్కడే పని చేసుకుంటుందిలే!"

దేవిశ్రీ లేచి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.