మొదటి పాటలోని చప్పుడు

మెహ్జబీన్ స్పీకర్‌ను గోడకు ఆనించి, గిటార్ తీగ మీద బొటనవేలు వేసిందో లేదో, గోడ అవతల ధన్ ధన్‌మని చప్పుడు మొదలైంది.

పాట అయిపోయేదాకా ఆగలేదు. రికార్డింగ్ పెట్టుకుని వింటే ఆ చప్పుడు పాటంతా పాకి ఉంది. పళ్లు నూరింది.

వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఇళ్ల మధ్య గది అద్దెకు తీసుకుని సోల్ జాజ్ ఆల్బమ్ చేస్తానంటే నవ్వనివాళ్లు లేరు. హైదరాబాద్ పొమ్మన్నారు, సినిమా పాటలకు వాయించుకొమ్మన్నారు. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎనిమిది పాటలూ ఈ గదిలోనే అంది.

"వినేటోని కాలు దానంతటదే ఆడాలె. గదే సోల్ జాజ్. దానికి హైదరాబాద్ ఎందుకు?"

డ్రమ్మర్లెవరూ వరంగల్ రామన్నారు. పీడా పాయె అనుకుంది.

పక్కింటికి వెళ్లింది. కట్టయ్య అనే ముసలాయన ఆమె గదివైపు గోడకు వీపు ఆనించి మగ్గం ముందు కూర్చుని, దువ్వెన లాంటి ఇనుప పంజాతో నూలు దిగగొడుతున్నాడు. పాట రికార్డు చేస్తున్నానని, రోజూ పదింటి నుంచి రెండు గంటలు ఆపమని బతిమాలింది. ఆయన నవ్వి, తల ఊపి, మళ్లీ కొట్టాడు.

ఆమెకు ఒళ్లు మండింది. వాకిట్లో ఉన్న కోడలు వినోదను పట్టుకుని కడిగేసింది. వినోద ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు.

"నా పాట ఎవలు ఆపినా ఆగది అక్కా. మీ మామకు చెప్పు."

మర్నాటి నుంచి పది కొట్టగానే మగ్గం ఆగిపోయేది. గెలిచాననుకుంది. మిగతా ఏడు పాటలూ నిశ్శబ్దంగా పూర్తయ్యాయి. మొదటి పాటలో చప్పుడు ఎంత తుడిచినా పోలేదు. విసుగొచ్చి అలాగే పంపేసి, పరకాలలో అమ్మ దగ్గరికి వెళ్లింది.

పదిహేను రోజులకు, ఆల్బమ్ విడుదల చేస్తానన్న శశాంక్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఏడు పాటల్లో ప్రాణం లేదన్నాడు. మొదటిది పెడితే మాత్రం ఆఫీసులో అందరి కాళ్లూ ఆడాయట.

"ఆ డ్రమ్మర్‌తోనే మిగతావి మళ్లీ చేయండి. లేదంటే ఇక్కడి మనిషిని పంపిస్తాను."

ఆమెకు గోడ అవతలి పంజా గుర్తొచ్చింది.

"ఎవల్నీ పంపకు. మా కొత్తవాడ మనిషే వాయిస్తడు."

దొరికిన బస్సెక్కి కొత్తవాడలో దిగింది. కట్టయ్య ఇంట్లో మగ్గం విప్పి ఓ మూలకు చేర్చి ఉంది. ఆయన పోయి నాలుగు రోజులైందని వినోద చెప్పింది.

మెహ్జబీన్ గడప మీదే కూలబడింది. తెలియక ఆపించానని, తప్పయిందని ఏడ్చింది. ఆ చప్పుడు పాటలో ఎలా కలిసిందో ఏమోగానీ, పాటకు ప్రాణం అదేనంది.

కొడుకులు మానమన్నా నేత మానని మనిషి, నీ పనికి అడ్డమని చెప్తే ఆపాడంటూ వినోద ఆమె పక్కన కూర్చుంది.

"ఊకెనే కలువలే చెల్లె. నువ్వు వాయిస్తాంటే గోడ అదిరేది, ఆ అదురు వీపుకు తగులుతాంటే దానికే పంజా కొట్టెటోడు; మా మామకు చెవులు వినవడక పన్నెండేండ్లాయె."