గుర్తుకు రాని ఊరు

సత్యవేణి తన భర్త సీతాపతి వీపుకు ఉప్పుకాపడం పెడుతుండగా పానకాలు దొడ్డిదారిన వచ్చి, అతని కాళ్లు పట్టుకున్నాడు. ఉద్యమంలో టెలిగ్రాఫు తీగలు తెంపి దాక్కున్నవాడు పానకాలు. అతను ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పమని పోలీసులు సీతాపతిని పట్టుకెళ్లి కొట్టి, ఆ ఉదయమే వదిలారు.

"లే బావా," అన్నాడు సీతాపతి నీరసంగా.

"గుడివాడ నుంచి బందరు దాకా నీ మాటే చెప్పుకుంటున్నారు బావా. అంత కొట్టినా ఊరి పేరు చెప్పలేదని."

"చెప్పకపోవడం కాదు. గుర్తు రాలేదు."

పానకాలు నవ్వాడు.

"నిజమే చెబుతున్నాను. నిన్ను పడవెక్కించింది నేనే కదా? లాఠీ లేచేసరికి ఆ ఊరి పేరే మనసులోంచి పోయింది. లాఠీ చివర ఇత్తడి పొన్ను, దాని మీద సొట్టలు మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. చెప్పేద్దామనే వెతుక్కున్నాను బావా. దొరకలేదు. ఇంటికొచ్చి మజ్జిగ తాగుతుంటే దానంతట అదే వచ్చింది, కృత్తివెన్ను అని."

సత్యవేణి చేతిలో ఉప్పుమూట ఆగిపోయింది. ఆమె భర్త మొహంలోకి చూడలేదు.

పానకాలు ఆమె చేతిలోంచి మూట తీసుకుని, తనే మెల్లగా కాపడం పెట్టసాగాడు.

"ఏదైతేనేం, నేను బతికాను. ఈ సాయంత్రం అక్కణ్ణుంచి మకాం మారుస్తున్నాను బావా. నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఎక్కడికంటే..."

సీతాపతి వాచిన చేత్తో అతని నోరు మూశాడు.

"వద్దు బావా. ఈసారి గుర్తొస్తే?"