తలుపులు మూశాక

“అమ్మాయ్, ఈవిడ ఇంకా ఫోన్ ఆపలేదు, చూడు,” అంటూ ఓర్విల్ చెయ్యెత్తి ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచాడు.

ఫార్గోలో విమానం తలుపులు మూసి పావుగంట దాటింది. రెక్కల మీది మంచు కరిగించే బండి కోసం వరుసలో ఆగి ఉంది. ఓర్విల్ ఎక్కే ముందే తన ఫోన్ కట్టేసి కోటు జేబులో పడేశాడు. రూలంటే రూలే అతడికి. మిగతావాళ్లు పాటించకపోతే ఒళ్లు మండుతుంది.

“ఇంకొక్కసారి చేసి ఆపేస్తానమ్మా. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది,” అంది పక్క సీటావిడ.

“ఫోన్ పట్టుకున్న ప్రతివాళ్లూ అదే మాట. ఎవరండీ ఆ మనిషి?” అన్నాడు ఓర్విల్ వెటకారంగా.

“పేరు బయట చెప్పకూడదు. మా ఆఫీసు రూలు.”

“మీ రూలు రూలూ, విమానం రూలు రూలు కాదూ?”

ఎయిర్‌హోస్టెస్ నవ్వు ఆపుకుంది. “అసలు రింగవుతోందా మేడమ్?”

“లేదు. ఆపేసి ఉంది. పన్నెండులోపు ఆయన దొరక్కపోతే…” ఆవిడ మళ్లీ నంబరు నొక్కింది.

“ఫోన్ కట్టేసుకుని కూర్చున్నవాడి ఖర్మకి మనమేం చేస్తాం? అమ్మాయ్, ఆపిస్తావా, నన్నే కెప్టెన్‌తో మాట్లాడమంటావా?”

ఆవిడ ఫోన్ ఆపేసింది. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఓర్విల్ హాయిగా గళ్లనుడికట్టు నింపుకున్నాడు.

మినియాపొలిస్‌లో దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. చక్రాలు ఆగీ ఆగకముందే ఆవిడ ఫోన్ అందుకుంది.

“దొరకలేదు… తర్వాతి ఆయనకి ఇచ్చేశారా? సరే.” కళ్లు తుడుచుకుంది.

ఓర్విల్‌కి కాస్త జాలేసింది. ఏమనాలో తోచక తన ఫోన్ ఆన్ చేశాడు. ఎవరో వదిలిన సందేశం ఒకటి ఉంది. చెవికి ఆనించుకున్నాడు.

పక్కనున్నావిడ పెదవులు మూసే ఉన్నాయి. చెవిలో గొంతు మాత్రం ఆవిడదే.

“ఓర్విల్ గారూ, రెండేళ్లుగా మీరు ఎదురుచూస్తున్న కాలేయం దొరికింది. పన్నెండులోపు సరేనంటే చాలు. నేను విమానం ఎక్కుతున్నాను, అయినా మీరు ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను.”