నాయనకు క్యారియర్

మహబూబ్ బీ క్యారియర్ సర్దుతోంది. కింది గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పప్పు, పై గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ. మూత బిగించి, దాని చుట్టూ పాత తువ్వాలు చుట్టింది.

"చలిగాలికి సల్లారిపోతాది. దోవలో యాడా నిలబడొద్దండి," అంది.

"సరేమ్మా," అన్నాడు కొడుకు జుల్ఫికర్, స్కూటర్ తాళం వెతుక్కుంటూ.

కోడలు షగుఫ్తా క్యారియర్ అందుకుంది. "మామకేమన్నా చెప్పాల్నా అత్తా?"

మహబూబ్ బీ తువ్వాలు ముడి ఇంకోసారి బిగించింది. "ఏముండాది చెప్పేదానికి? మిగిలితే పారేయొద్దండి. మీరు తినండి."

ఇద్దరూ మాస్కులు తగిలించుకొని బయల్దేరారు. వీధి మలుపు దాకా స్కూటర్ ఆసుపత్రి వైపే వెళ్లింది. ఆ తర్వాత ఎడమకు తిరిగింది. కొత్తగా కడుతున్న ఫ్లైఓవర్ కింద, ఒక స్తంభం పక్కన ఆగింది. మొగుడూ పెళ్లాం సిమెంటు దిమ్మె మీద కూర్చుని క్యారియర్ విప్పారు.

ఆసుపత్రిలో జుల్ఫికర్ నాయన అబ్దుల్ సత్తార్ లేడు. సెప్టెంబరు మొదటి వారంలోనే కరోనాతో పోయాడు. తెల్ల దుస్తుల్లో ముఖాలు కనిపించని నలుగురు మనుషులు ఆయన్ను మట్టిలో పెడుతుంటే, కొడుకు గేటు దగ్గరే నిలబడి చూశాడు.

ఆ రోజు మహబూబ్ బీ కూడా జ్వరంతో లోపలి గదిలో పడి ఉంది. "ఆమె గుండె గట్టిది కాదు, ఇప్పుడే చెప్పొద్దు," అన్నాడు డాక్టరు. జ్వరం తగ్గాక చెబుదామనుకున్నారు. జ్వరం తగ్గింది. నీరసం పోయాక చెబుదామనుకున్నారు. అదీ పోయింది. ఆ తర్వాత మొదటి మాట దొరకలేదు.

దొరకకపోవడానికి ఇంకో కారణం ఉంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సులో ఆ జ్వరాన్ని ఇంటికి తెచ్చింది జుల్ఫికరే.

"నేనే సంపినానని చెప్పాల్నా?" అని ఒకసారి భార్యను అడిగాడు.

 వీధిలో ఇల్లిల్లూ తిరిగి, అత్త చెవిన వేయొద్దని బతిమాలి వచ్చింది షగుఫ్తా.

షిఫ్టు లేని ప్రతిరోజూ ఇదే పని. ఒకరోజు టైరు పంచరైతే స్కూటర్ తోసుకుంటూ వెళ్లారు. నవంబరు తుఫానుకు ఫ్లైఓవర్ కింద మోకాలి లోతు నీళ్లు నిలిస్తే, మూసేసిన అంగడి మెట్ల మీద నిలబడి తిన్నారు. ఇంకోరోజు పోలీసాయన ఆపాడు.

"యాడికి?"

"ఆసుపత్రికి సార్."

"ఎవురుండారు ఆడ?"

 "మా మామ సార్," అంది వెనక నుంచి షగుఫ్తా.

పోలీసాయన క్యారియర్ వైపు చూసి లాఠీ దించాడు. "బిన్నా పోండప్పా. పెద్దాయన ఆకలితో ఉంటాడు."

ఆ రోజు ఇద్దరికీ ముద్ద దిగలేదు.

ఫ్లైఓవర్ పక్కనే టీ బండి పెట్టుకున్న సిద్ధమ్మకు వీళ్లను చూస్తే వేడుక. "ఏమబ్బా, ఇంట్లో కూడు తిననీరా మిమ్మల్ని? కొత్త జంట మాదిరి ఈడికొచ్చి తింటాండారే!"

"ఇంట్లో జాగా సాల్లేదక్కా," అన్నాడు జుల్ఫికర్.

"ఇద్దురికి సాలని ఇల్లు ఏమిల్లబ్బా!"

షగుఫ్తా నవ్వబోయింది. పొలమారింది.

ఇంటికి వచ్చాక అబద్ధాలు. ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆక్సిజన్ తగ్గించినారంట. నిన్ను అడిగినాడు. మహబూబ్ బీ అన్నీ వినేది. విని, "నువ్వు తిన్న్యావా?" అనేది కొడుకుతో.

వాళ్ల భయమల్లా ఒక్కటే, తననూ తీసుకుపొమ్మని ఆమె ఎక్కడ పట్టుబడుతుందోనని. ముసలివాళ్లను లోపలికి రానీరని, గేటు దగ్గరే క్యారియర్ తీసుకుంటారని జవాబులు సిద్ధంగా పెట్టుకున్నారు. ఆమె అడగనే లేదు. డిసెంబరులో చిత్తూరులో సొంత చెల్లెలి కూతురి పెళ్లి జరిగితే, "నేను రాను, మీరు పొయ్యి రాండి," అంది. చూపు మసకబారింది, కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, "చలి పోనీ, సూద్దాం," అంది.

రోగమంటే భయం పట్టుకుంది పాపం, అనుకున్నారు. వాళ్లకూ అదే మేలనిపించింది.

జనవరిలో ఒక పొద్దున జుల్ఫికర్ లేస్తూనే భార్యతో, "ఈ దినం చెప్పేస్తా. ఇంక నాతో కాదు," అన్నాడు.

మహబూబ్ బీ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నాయన..." ఆమె పాదాలు పట్టుకున్నాడు. "అంతా నా వల్లనే..."

మహబూబ్ బీ కొడుకు తల మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత లేచి, బీరువాలోంచి బురఖా తీసి తొడుక్కుంది. మంచం కింద నుంచి చెప్పులు లాగి దుమ్ము దులిపింది.

"యాడికిమ్మా? ఆసుపత్రికా? పోవద్దు. ఆడ... నా మాట వినమ్మా!" జుల్ఫికర్ అడ్డం పోబోయాడు.

షగుఫ్తా అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. రెండో చేతి వేళ్ల మీద సెప్టెంబరు నుంచి లెక్కపెడుతోంది.

మహబూబ్ బీ గడప దాటింది.

మొగుడు పోయిన ఆడమనిషి గడప దాటకుండా ఇద్దత్ కూర్చోవలసిన నాలుగు నెలల పది రోజులు ఆమెకు నిన్న సాయంత్రంతో నిండాయి.