మామ మగ్గం స్ప్రింగులు

“టార్చిలైట్ స్ప్రింగు యాడ పెట్టినారు?” సుందరవల్లి భర్తను అడిగింది.

“నా వీణలో ఉండాది. వేరే టార్చి కొనిస్తాలే.”

చెక్కపెట్టెకు తీగలు బిగించి ఆనంద్‌రాజ్ చేసుకున్న వాయిద్యమది. దాన్ని వీణ అనడమే ఆమెకు నచ్చదు. తీగ మీటాక నాదం కాసేపు మోగుతూ ఉండాలని లోపల స్ప్రింగులు బిగిస్తున్నాడు. ఆమె పెట్టె మూత తీసింది. టార్చి స్ప్రింగు పక్కన పొడుగాటివి రెండున్నాయి.

“ఇవి మామ మగ్గానివి. ఆయన తిరుత్తణి కొండకు పోయినప్పుడు పీకినారా?”

“నేను పీకలేదు.”

“అవే నడిచొచ్చినాయా? ఇవి లేకుంటే మగ్గం ఆడదు. ఆయన చేత తిట్లు తినేది నేను.”

ఆనంద్‌రాజ్ పెట్టె మూత మూసి, తీగ బిగించసాగాడు. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. మధ్యాహ్నం తండ్రీకొడుకులకు వడ్డిస్తూ, మామ పొన్నుస్వామికి సంగతి చెప్పేసింది.

ఆయన సాంబారన్నం కలుపుతూనే అన్నాడు. “వాన్ని అనబాకమ్మా. నేనే తీసిచ్చి, నీకు చెప్పొద్దన్నా.”

“మరి రోజూ మగ్గం కాడ కూచుంటా ఉండారే, మామా?”

“తెగిన పోగులు అతుకుతా ఉండానని నెలగా నీకు బొంకినా. మోకాళ్ల నొప్పులు మగ్గం తొక్కనీయలే. మీరిద్దరూ ఉండంగానే చెప్తా ఉండా, రేపు మగ్గం విప్పేస్తాము.”