‘స’ సంగతి

“గిందుల ‘స’ వస్తలేదు సుందరరావు గారు,” అన్నాడు గోవర్ధన్, సోఫాలో వెనక్కి వాలుతూ.

సుందరరావు చెవులు రిక్కించాడు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ‘సచివాలయం’ అంటోంది. ఆయన చెవికి అది శుభ్రంగా సచివాలయమే. గోవర్ధన్‌కి మాత్రం ‘హచివాలయం’ అని వినబడుతోందట. ఎదురు ఫ్లాటు మనిషే కదా అని తీసిపారెయ్యడానికి లేదు. నారాయణగూడలో ఫ్యాన్లూ లైట్లూ అమ్మే షాపు ఆయనది. చిక్కడపల్లిలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ప్లగ్గు వదులైనా తీర్పు చెప్పేది ఆయనే.

పైగా ఇవాళే ఆఖరి రోజు. టీవీ కింద పెట్టిన ఈ పొడుగాటి స్పీకరు, అదే సౌండ్‌బార్, నచ్చకపోతే వారంలోగా వాపసు తీసుకుంటామని అమ్మిన షాపువాడు చెప్పాడు. గోవర్ధన్ గారు బాగుందంటే ఉంచండి, లేదంటే షాపు మూసేలోగా తిరిగిచ్చి రండి అని భార్య అన్నపూర్ణ పొద్దున్నే తేల్చేసింది.

కొత్త టీవీ అప్పడంలా పల్చగా ఉంది. దాని గొంతూ అంతే పల్చన. రిటైరైన మనిషికి అంతకన్నా పనేముంది? సుందరరావు నెల రోజులు అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా ఒక్క షాపు వదల్లేదు. పాటలొద్దు, వార్తలు పెట్టవయ్యా అని ప్రతిచోటా నిలబడి విన్నాడు. ఆఖరికి ఎనిమిది వేలలో, మాట స్పష్టంగా పలికేదాన్ని పట్టుకొచ్చాననుకున్నాడు. నన్ను చూసుకోవడానికి కూడా ఇంత తిరగలేదు మీరు అని అన్నపూర్ణ దెప్పిపొడుస్తూనే ఉంది.

తప్పు టీవీదేమో, మీ ఫోన్ కలిపి మీకు నచ్చిన పాటే వినండి అని బతిమాలాడు సుందరరావు. గోవర్ధన్ సరేనని బ్లూటూత్ కలిపాడు. పాట వేసి, కళ్లు మూసుకుని, అన్నపూర్ణ ఇచ్చిన సేమ్యా పాయసం రెండు కప్పులు లాగించి, పెదవి విరిచాడు.

“మీరేం అనుకోకుండ్రి. ఎనిమిది వేలకు గింతకంటె ఎక్కువ రాదు. నేను నలభై వేలు పెట్టి తెచ్చిన. మా ఇంట్ల ‘స’ అంటే ‘స’నే,” అంటూ లేచి వెళ్లిపోయాడు.

అన్నపూర్ణ అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది. సుందరరావు దిగులుగా థర్మోకోల్ ముక్కలు సర్దడం మొదలుపెట్టాడు. సౌండ్‌బార్ ఇంకా వెలుగుతూనే ఉంది. గోవర్ధన్ ఫోన్‌తో దాని చుట్టరికం ఇంకా తెగలేదు. ఆ సంగతి ఈ ఇంట్లోనూ ఎవరికీ తెలీదు, ఆ ఇంట్లోనూ ఎవరికీ తెలీదు.

గోవర్ధన్‌కి ఓ అలవాటుంది. నల్లకుంటలో ఉండే బావమరిదికి వాయిస్ మెసేజ్ పంపగానే, ఎంత బాగా మాట్లాడానో అని తనే ఓసారి వేసుకుని వింటాడు. ఇంటికెళ్లీ వెళ్లగానే అదే చేశాడు. ఫోన్ కిక్కురుమనలేదు. ఇక్కడ సౌండ్‌బార్ మాత్రం ఏదో గొణిగింది. ఆయన అక్కడ వాల్యూమ్ పెంచి మళ్లీ వేశాడు.

“సాయంత్రం సాంతం సోది పెట్టిండు బామ్మర్దీ,” అని గోవర్ధన్ గొంతు సుందరరావు హాల్లో ఖంగుమంది. “గీ సుందరరావంత కంజూస్ మనిషి చిక్కడపల్లిల ఇంకొకడు లేడు. సేమ్యాల చక్కెర సుత ఎయ్యలే.”

అన్నపూర్ణ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. రెండు కప్పులు తాగిన నోటితోనే అన్నాడు మహానుభావుడు. ఫోన్ పాడైందనుకున్నాడో ఏమో, ఈసారి వాల్యూమ్ పూర్తిగా పెంచి మూడోసారి వేశాడు. కిటికీ అద్దాలు అదిరాయి.

“ఇంకా వింటూ కూర్చున్నారేంటి? వెళ్లి కడిగెయ్యండి,” అంది అన్నపూర్ణ.

సుందరరావు చెయ్యెత్తి ఆమెను ఆగమన్నాడు. కళ్లు మూసుకుని చివరి మాట దాకా విన్నాడు. తర్వాత లేచి, అట్టపెట్టెను కాలితో పక్కకి తోసి, విసవిసా వెళ్లి ఎదురింటి బెల్లు నొక్కాడు. కొంగు బిగించి అన్నపూర్ణ వెనకాలే వెళ్లింది. గోవర్ధన్ ఫోన్ చెవికి ఆనించుకునే తలుపు తీశాడు.

“గోవర్ధన్ గారూ, అది ఇంకొక్కసారి వేసి మా ఇంటికి రండి,” అన్నాడు సుందరరావు, పట్టలేని సంతోషంతో. “‘కంజూస్’లో ‘స’ ఎంత స్పష్టంగా పలుకుతోందో మీ చెవులతో మీరే విందురుగాని.”